పక్కింటి నొప్పి

పోయిన నెల ఎండుచేపల కొట్టులో కాటా కొక్కెం ఊడి, దాని దూలం నా భుజం మీద పడింది. ఎముక విరిగిందని నెల్లూరు ఆసుపత్రిలో పడుకోబెట్టి, కట్టు కట్టే ముందు ఒక సూది వేశారు. కాసేపటికి లోపల ఎవరో లాంతరు వత్తి తగ్గించినట్టయింది. తెలివి నిలిచి ఉందో లేదో చూసుకుందామని పదిహేడో ఎక్కం మొదలుపెట్టాను. ఎక్కం తప్పలేదు గాని, పదిహేడు ఆర్లు నూట రెండు అన్నప్పుడు ఆ నూట రెండు నాకు ఎంతో మంచి మనిషిలా కనిపించింది. నవ్వు ఆగలేదు.

"నొప్పెలా ఉంది?" అని నర్సు అడిగింది.

"ఉందమ్మా. పక్కింట్లో ఉంది," అన్నాను.

మందు తలకెక్కిందని ఆమె అనుకుంది. ఎక్కిన మాట నిజమే. కానీ ఆ మాట నాది కాదు. కొన్నేళ్ళ కిందట ఇదే ఆసుపత్రిలో ఇదే సూది వేయించుకుని ఒక పెద్దకాపు అన్న మాట. ఆయన పోయి రెండేళ్ళయింది. మంచం మీద పడుకుని నవ్వుతూనే ఆయన్ను తలుచుకున్నాను. ఆయన్ను తలుచుకోవడానికి అంతకన్నా తగిన పద్ధతి లేదు.

విడవలూరుకు తూర్పున సముద్రపు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పాలేలు రెండు ఉన్నాయి. మధ్యలో ఒక వాగు. పాలెం పెద్దను అక్కడ కాపు అంటారు. ఈయన వాగుకు ఇవతలి పాలెం పెద్దకాపు. నేను ఆ రోజుల్లో ఎండుచేపల షావుకారు తరఫున ఒడ్డున తూకం వేసేవాణ్ణి. వరిపొలాల ఊరి మనిషిని కాబట్టి రెండు పాలేల్లో ఎవరికీ చుట్టం కాను. అందుకే ఎవరికి ఏ లెక్క కావాలన్నా నన్నే అడిగేవాళ్ళు.

పెద్దకాపు పొద్దున్నే లేచి ఒడ్డుకు వచ్చి ముందు సముద్రాన్ని తిట్టేవాడు. అదొక పూజలాగా జరిగేది. "ఏమ్మే, నిన్న ఏం చెప్పినా నీకు? తెప్పల మీదికి ఎగరొద్దన్నానా లేదా? ఇంటికి కొత్తగా వచ్చినదానివా, ఇంకా నేర్చుకోలేదా?" అని. అల వెనక్కి పోతే "ఆఁ, అట్ట ఉండాల," అని తల ఊపేవాడు. అల మళ్ళీ వస్తే మళ్ళీ మొదలు. చెవి వెనక ఒక చుట్ట ఉండేది. ఆ రోజుల్లో దాన్ని ఆయన వెలిగించగా నేను చూడలేదు. ఎందుకని అడిగితే, "వెలిగిస్తే అయిపోద్ది గదా," అన్నాడు.

ఆయనకు కుడి పక్కన, పక్కటెముకల కింద, నొప్పి ఉండేది. ఎప్పుడూ సన్నగా ఉండేది, అప్పుడప్పుడు లేచి తాండవం చేసేది. మాట్లాడే ముందు కుడి పిడికిలి ఆ చోట అదుముకుని, ఒక కన్ను మూసి, అప్పుడు నోరు తెరిచేవాడు. పాలెం అంతా ఆ పిడికిలినే చూసేది. మొలతాడు దగ్గర ఉంటే రోజు మంచిది. పక్కటెముకల కిందికి వస్తే ఎవరికో తిట్లు. చంక దాకా ఎక్కిందంటే పంచాయితీకి రావలసినవాళ్ళు కూడా ఏదో వంకతో సముద్రంలోకి పోయేవాళ్ళు. నేను కాటా ముల్లును చూసే మనిషిని. అంత నమ్మకమైన ముల్లును నేను ఏ కాటాకీ చూడలేదు.

ఆ నొప్పికి ఉలవ నీళ్ళు తాగాడు. కొండపిండి ఆకు నూరించి తాగాడు. ఎవరో చెప్పారని ఒంటికాలి మీద నిలబడి దోసకాయలు తిన్నాడు. "ఒంటికాలెందుకు కాపన్నా?" అంటే, "రెండు కాళ్ళ మీద నిలబడి చానా తిన్నా గదా, తగ్గలా," అన్నాడు.

దురాయి అనే మాట ఆ ఒడ్డున తెలియనివాళ్ళు లేరు. కాపు నోటి నుంచి దురాయి అని పడితే అది పాలేనికి కట్టుబాటు. దాటినవాడి తెప్ప ఒడ్డునే ఉండిపోతుంది. మా పెద్దకాపు వేసిన మొట్టమొదటి దురాయి నల్లమందు మీద. వాళ్ళ నాయన నల్లమందు తినేవాడు. ఒకసారి మత్తులో, దారిన పోయే గాజుల మలారం మోసే అతనికి తన తెప్ప ఇచ్చేశాడు. అతను పాపం తెప్పనేం చేసుకుంటాడు, కట్టెలకు అమ్మేసి పోయాడు. ఆ ఏడాది ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. కొడుకు కాపు కాగానే దురాయి వేశాడు: పాలెంలో ఎవరూ నల్లమందు తినకూడదు, తిన్నవాడు మత్తులో ఇచ్చిన మాట చెల్లదు.

రెండోది దొరువు మీద. ఇసక దిబ్బల్లో గుంట తవ్వితే మంచినీళ్ళు ఊరతాయి, దాన్నే దొరువు అంటారు. ఇవతలి పాలేనికి పెద్ద దొరువు ఉంది. అవతలి పాలెం దొరువులోకి గాలివాన వచ్చిన ఏడాది ఉప్పునీళ్ళు దిగాయి. అప్పటినుంచి అక్కడి ఆడవాళ్ళు వాగు దాటి వచ్చి ఇవతలి దొరువులోనే ముంచుకునేవాళ్ళు. ఒకరోజు అవతలివాళ్ళ తెప్ప ఒకటి పెద్దకాపు వలను తెంచింది. వాళ్ళు చూడక జరిగిందన్నారు. ఆ పూట పిడికిలి చంకలో ఉంది. అవతలి పాలెం కడవ మన దొరువులో మునగకూడదు, మన పాలెం ఎల్లలో వాళ్ళతో మాటామంతీ ఉండకూడదని దురాయి పడింది.

అవతలి పాలెంలో ఆయన సొంత చెల్లెలు కాపురం ఉంది. అన్నకు ఏమాత్రం తీసిపోని నోరు. దురాయి పడ్డాక ఆమె, ఆమెతోపాటు ఆ పాలెం ఆడవాళ్ళంతా, కడవలెత్తుకుని పొలాల దాకా నడిచి నీళ్ళు తెచ్చుకోవలసి వచ్చింది. పొద్దున పోయినవాళ్ళు తిరిగొచ్చేసరికి పసిపిల్లలు ఏడ్చి ఏడ్చి నిద్రపోయి ఉండేవాళ్ళు. తెచ్చిన నీళ్ళు అయిపోతే అందరూ, పొలానికి పోలేని ముసలివాళ్ళయితే రోజూ, ఉప్పునీళ్ళే తాగేవాళ్ళు.

నీళ్ళు రెండు పాలేలకూ చాలవని చిన్నకాపు అనేవాడు. చిన్నకాపు అంటే పెద్దకాపు తర్వాతివాడు. తెలివైనవాడు, తెలివి ఉందని తెలిసినవాడు కూడా. నేను దొరువులో గాట్లు పెట్టిన కర్ర ఒకటి నాటి పొద్దునా సాయంత్రమూ చూశాను. రెండు పాలేలు తోడినా తెల్లారేసరికి నీళ్ళు మళ్ళీ అదే గాటు దగ్గరికి వస్తాయని తేలింది. పోయి పెద్దకాపుకు చెప్పాను. పిడికిలి అదుముకుని కన్ను మూసి విన్నాడు.

"లెక్క బాగుండాది అబ్బయా. ఇదో, నా పక్కలో ఒకటుండాది. దానికి గూడా కర్ర నాటి ఒక లెక్క చెప్పు. అప్పుడు నీళ్ళిస్తా."

దానికి నా దగ్గర కర్ర లేదు.

ఒకరోజు పొద్దున ఆయన సముద్రాన్ని తిట్టడానికి వచ్చి, తిట్టు సగంలో ఆపి, ఇసకలో పడి వలలోంచి దులిపిన చేపలా ఎగిరెగిరి పడ్డాడు. చిన్నకాపూ నేనూ బండిలో విడవలూరు దాకా తీసుకుపోయి నెల్లూరు బస్సు ఎక్కించాం. బస్సు కదలబోతుండగా, కబురు తెలిసి వెనకే వచ్చిన చెల్లెలు ఒక ఇత్తడి చెంబు పట్టుకుని ఎక్కింది. మా వెనక సీట్లో కూర్చుంది.

"దురాయి ఉండాది, మాట్లాడకూడదు," అన్నాడు చిన్నకాపు.

"మీ పాలెం ఎల్లలో గదా దురాయి? ఈ బస్సు మీ పాలెమా?" అంది ఆమె. "అయినా నేను నీతో మాట్లాడలా, మాయన్నతోనూ మాట్లాడలా. కండక్టరుతో మాట్లాడతుండా. ఏం కండక్టరన్నా, నీకు చెల్లెలుండాదా? నీళ్ళిస్తావా ఆయమ్మకి? ఇస్తావా! చూడండయ్యా, ముక్కూ మొహం తెలియని మనిషి ఇస్తానంటుండాడు!"

కోవూరు వచ్చేదాకా కండక్టరు టిక్కెట్లు కొట్టడం మానేసి తలూపుతూనే ఉన్నాడు. పెద్దకాపు ముందు సీటు కడ్డీని పట్టుకుని, "దాన్ని దించెయ్యండి. లేదంటే నన్ను దించెయ్యండి," అని మూలిగాడు. పెన్న వంతెన మీద బస్సు గతుక్కుమన్న ప్రతిసారీ ఇద్దరూ ఒకే గొంతుతో డ్రైవరును తిట్టారు. దానికి దురాయి అడ్డం రాలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కడుపు నొక్కి చూసి, మూత్రపిండంలో రాయి ఉందని, ఫోటో తీయించి తర్వాత ఆపరేషన్ చేయాలని, ముందు నొప్పి దించుదామని చెప్పింది. నర్సును పిలిచి "పెథిడిన్" అంది. నర్సు నడుముకున్న తాళంచెవితో ఒక అలమర తెరిచి, చిన్న గాజుబుడ్డి తీసి, మళ్ళీ తాళం వేసింది. చిన్నకాపు ఆ తాళాన్ని జాగ్రత్తగా చూశాడు. మందుకు తాళం ఎందుకని అప్పుడే అనుమానపడి ఉంటాడు.

సూది పడ్డాక కాసేపు ఏమీ జరగలేదు. ఆ తర్వాత ఆ పిడికిలి విచ్చుకుంది. నేను ఆ చేతి అరచేయి చూడడం అదే మొదలు. ఆయన కూడా దాన్ని కొత్తగా చూసుకుని, వేళ్ళు కదిలించి, "బాగుండాదే!" అన్నాడు.

"నొప్పి పోయిందా కాపన్నా?" అన్నాను.

"పోలా అబ్బయా. ఉండాది. పక్కింట్లో ఉండాది. అరస్తా ఉండాది, నాకు వినపడతా ఉండాది. కానీ అది నన్ను గాదు, పక్కింటాయన్ని పిలస్తుండాది." కాస్త ఆగి, జాలిగా, "పాపం, ఎవురో ఆయన," అన్నాడు.

ఆ తర్వాత వార్డులో పండగ మొదలైంది. పైన తిరిగే ఫంకాను చూసి, "అంత పెద్ద చేప తోక ఊపతుంటే వల ఎయ్యరేందిరా!" అన్నాడు. ఎదురు మంచం మీద కాలు విరిగిన రైతుకు తన తెప్పలో చోటు ఇస్తానన్నాడు. తెప్ప అంటే భయమని అతనంటే, "నువ్వు కూసో, సముద్రానికి నేను చెప్తా. అది నా మాట ఇంటది. మంచిదే పాపం, నేనే రోజూ తిడతా," అని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. వెంటనే నవ్వాడు. చెవి వెనక చుట్ట తీసి డాక్టరమ్మకు ఇవ్వబోయాడు. ఆమె వద్దంటే నర్సుకు, నర్సు వద్దంటే ఫంకాకు. వార్డులో నొప్పులున్నవాళ్ళంతా పక్కలు పట్టుకుని నవ్వుతున్నారు. కుట్లున్న ఒకాయన, "నవ్వించొద్దు, తెగిపోతాయి," అని బతిమాలుకున్నాడు.

"నోరెండిపోతుండాది. నీళ్ళు," అన్నాడు పెద్దకాపు. ఆ మందుకు నోరు ఎండుతుంది, నాలుగు చుక్కలు ఇవ్వండని నర్సు చెప్పింది. దగ్గరగా ఉన్నది చెల్లెలు చెంబే. ఆమె తల కింద చేయి పెట్టి తాగించింది.

ఒక గుక్క మింగి ఆయన మొహం వికారంగా పెట్టాడు. "ఇదేంది! సముద్రం నీళ్ళు పోస్తివా?"

"మేము తాగేది ఇదే అన్నా," అంది ఆమె. బస్సులో అంత నోరు చేసిన మనిషి ఆ మాట మాత్రం చాలా మెల్లగా అంది.

"ఎందుకు తాగతుండారు ఇది?"

"నువ్వు దురాయి ఏసినావు గదా."

"నేనా?" ఆయన మమ్మల్నందరినీ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు, ఎవరైనా కాదంటారేమోనని. "అంత మంచి దొరువు పెట్టుకుని? థూ! తీసేస్తుండా. అందరూ ఇనండి! దొరువు అవతలోళ్ళకి గూడా. ఈయమ్మకీ, ఆయమ్మకీ, కాలిరిగినాయనకీ, అందరికీ. దురాయి!"

చిన్నకాపు ఆయన నోరు మూయబోయాడు. ఆలస్యమైంది. దురాయి అనే మాట పడిపోయింది. వార్డంతా చప్పట్లు కొట్టింది. చెల్లెలు చెంబును గుండెకు అదుముకుని నిలబడిపోయింది. చిన్నకాపు డాక్టరమ్మ వెనక పరిగెత్తి, "అమ్మా, ఎక్కించినారు గదా, దించే సూది ఏమన్నా ఉండాదా?" అని అడిగాడు.

"ఉంది. కానీ మనిషి సంతోషంగా ఉన్నాడని వెయ్యం," అంది డాక్టరమ్మ.

ఆపరేషన్‌కు కొన్నాళ్ళాగి రమ్మని పంపేశారు. పెద్దకాపు పాలేనికి చేరేసరికి పక్కింటాయన ఇల్లు ఖాళీ చేసి పోయాడు, నొప్పి సొంతింటికి వచ్చింది. అవతలి పాలెం ఆడవాళ్ళు అప్పటికే కడవలు తోముకుని వాగు గట్టున నిలబడి ఉన్నారు. చిన్నకాపు వాళ్ళను అక్కడే ఆపి, పంచాయితీ పిలిచాడు.

ఒడ్డున ఆరబెట్టిన తెప్పల మీద అందరూ కూర్చున్నారు. చిన్నకాపు లేచి నిదానంగా మొదలుపెట్టాడు.

"కాపన్న మీద నాకు గౌరవం. అందుకే అడగతుండా. కాపన్న మొదటి దురాయి ఏంది? నల్లమందు మత్తులో ఇచ్చిన మాట చెల్లదు. ఆ ఆసుపత్రిలో ఏసిందేంది? తాళం పెట్టి దాచిన మందు. ఏసినంకనే గదా కాపన్న ఫంకాకి చుట్ట ఇచ్చింది? అది నల్లమందే. కాబట్టి ఆ మాట చెల్లదు. దొరువు మనదే."

తెప్పల మీద గోల లేచింది. కాదు సూది అని కొందరు, సూదిలో ఉన్నది ఏమిటని కొందరు. తన దురాయి తననే పట్టుకుంటుందని పెద్దకాపు అనుకుని ఉండడు. చివరకు డాక్టరమ్మను అడిగి రమ్మని నన్ను పంపారు. మర్నాడు నెల్లూరు పోయాను.

డాక్టరమ్మ విని, ముందు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తర్వాత నవ్వింది. "నేనొచ్చి సాక్ష్యం చెప్పాలా మీ పాలెంలో?"

"మాట చెప్పండమ్మా, నేను మోసుకుపోతాను. తూకం తగ్గకుండా ఇస్తాను," అన్నాను.

"అయితే రెండు మాటలూ మోసుకుపో. ఇది గసగసాల మొక్క నుంచి తీసింది కాదు. నల్లమందుతో దీనికి పుట్టుకలో సంబంధం లేదు. మందుల కర్మాగారంలో రసాయనాలు కలిపి చేస్తారు. ఇది ఒక మాట. కానీ ఒంట్లోకి పోయాక నల్లమందు చేసే పనే చేస్తుంది. నొప్పి దించుతుంది, మత్తిస్తుంది, ఊరికే వేస్తూ పోతే అలవాటూ అవుతుంది. అందుకే తాళం. ఇది రెండో మాట."

బస్సులో తిరిగి వస్తూ ఆలోచించాను. మొదటి మాట ఒక్కటే చెబితే నీళ్ళు వస్తాయి. ఆశ కలగకపోలేదు. కానీ సగం తూకం నాకు చేతకాదు. మళ్ళీ కూడిన పంచాయితీలో రెండూ చెప్పాను.

గోల రెట్టింపయింది. పుట్టుక చూడాలా, పని చూడాలా? పుట్టుక చూస్తే నల్లమందు కాదు, పని చూస్తే అదే. అప్పుడు వెనక నుంచి వల అల్లే ముసలామె ఒకామె లేచింది.

"చిన్నకాపూ, నీ నైలాను వల సంగతేంది?"

తలలన్నీ చిన్నకాపు వైపు తిరిగాయి. ఆ ముందేడాదే నైలాను వలలు మా ఒడ్డుకు కొత్తగా వచ్చాయి. పాలెంలో పాత కట్టుబాటు, ఇంటికి ఒక నూలువల. నూలువల ఉండగానే చిన్నకాపు నైలాను వల కూడా కొన్నాడు. అదేమని అడిగితే ఇదే తెప్పల మీద నిలబడి, "ఇది చెట్టున కాసిన దూది గాదు, కంపెనీలో చేసింది. నూలు గాదు. పాత కట్టుబాటు దీనికి అంటదు," అని వాదించి గెలిచాడు.

"కంపెనీ నూలు నూలు గానప్పుడు కంపెనీ నల్లమందు నల్లమందు ఎట్టయిద్ది?" అంది ముసలామె. "అది నల్లమందే అంటావా, నీ నైలాను గూడా నూలే. ఒడ్డుకు లాగు."

తెప్పలు కదిలేలా నవ్వారు. ఒకతను నవ్వలేక ఇసకలో పడుకున్నాడు. చిన్నకాపు మాత్రం తేలిగ్గా ఓడే మనిషి కాదు. చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. నాకు తెలుసు, ఆయన మనసులో ఒక పళ్ళెంలో నైలాను వల, ఒక పళ్ళెంలో దొరువు పెట్టి తూస్తున్నాడు.

"సరే," అన్నాడు చివరకు. "లాగేస్తా. నైలాను నూలే. ఆ సూది నల్లమందే. మాట చెల్లదు."

నవ్వు చప్పున ఆగిపోయింది. వాగు గట్టున మళ్ళీ కడవలతో వచ్చి నిలబడ్డ ఆడవాళ్ళకు మా మాటలు వినిపించవు, కానీ నవ్వు ఆగడం తెలిసింది. చెల్లెలు కడవను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకోవడం నాకు కనిపించింది.

పెద్దకాపు లేచాడు. నొప్పి లేచిన పూట అది. ఒళ్ళంతా చెమట. పిడికిలి నేను మునుపెన్నడూ చూడనంత ఎత్తుకు, చంకలోకి పోయి ఉంది. ముందు వరసవాళ్ళు అలవాటు కొద్దీ కాస్త వెనక్కి జరిగారు.

"తమ్ముడు సరిగానే చెప్పినాడు," అన్నాడు. "ఆ మాట కొట్టెయ్యండి. ఆ పొద్దు నేను నేను గాదు. మా నాయన తెప్ప ఇచ్చినట్టే ఇచ్చినా."

చిన్నకాపు మొహం విప్పారింది.

"ఇంకొకటి గూడా కొట్టెయ్యాల. దొరువు దురాయి ఏసిననాడు నా చెయ్యి యాడుంది? మీరంతా చూస్తిరి గదా. చెప్పండి, యాడుంది?"

అందరి కళ్ళూ ఆయన చంక వైపు పోయాయి.

"ఈడే ఉంది. ఆ పొద్దు గూడా నేను నేను గాదు. నా లోపల ఇదొకటి కూసోని మాట్లాడింది. నా నోటితో అది మాట్లాడితే మీరు దురాయి అన్నారు. మందు మాట్లాడిన మాట చెల్లకపోతే, నొప్పి మాట్లాడిన మాట ఎట్ట చెల్లుద్దిరా?" ఆయన ఊపిరి పీల్చుకోవడానికి ఆగాడు. ఎవరో పట్టుకోబోతే చేత్తో తోసేశాడు. "సూది మాట తీసెయ్యండి. నొప్పి మాట తీసెయ్యండి. అబ్బయా, లెక్క నువ్వు చెప్పు. రెండూ తీసేస్తే ఏం మిగులుద్ది?"

ఆయన ఎన్నాళ్ళకో నన్ను అడిగిన లెక్క. దీనికి కర్ర నాటవలసిన పని లేదు.

"దొరువు మిగులుతుంది కాపన్నా," అన్నాను. "గాలివాన ఏడాది ఎట్లా ఉందో అట్లాగే."

"అప్పుడు ఎవురు ముంచుకుంటుండ్రి?"

"అందరూ."

"అంతే," అని ఆయన ఇసకలో కూలబడ్డాడు. పడుతూ పడుతూనే, "తమ్ముడా, నీ నైలాను ఒడ్డుకు లాగు. మాట ఇచ్చినావు. నువ్వు ఏ సూదీ ఏసుకోలా," అన్నాడు.

ఆ నవ్వు వాగు దాటిపోయింది. ఆడవాళ్ళు ఇంకెవరి పిలుపూ కోసం చూడలేదు. చీరలు మోకాళ్ళ దాకా ఎత్తి, కడవలు నెత్తిన పెట్టుకుని, వాగులోకి దిగారు.

ఆపరేషన్ తర్వాత పెద్దకాపు రాయిని గుడ్డలో మూటకట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు. తూయమన్నాడు. చేపల కాటా దానికి కదలదు. కంసాలి దగ్గర చిన్న తక్కెడ అడిగి తెచ్చి, గురివింద గింజలు వేసి తూచాను. రెండో పళ్ళెంలో పడ్డ గింజలను చూసి ఆయన చాలాసేపు నమ్మలేదు.

"ఇంతేనా? ఇంకోసారి ఎయ్యి."

మళ్ళీ వేశాను. అంతే.

"ఇంత దానికా నేను ఇన్నేండ్లు పాలెం మీద పడి అరిచింది?" అన్నాడు. రాయిని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. "పక్కింట్లో అరిచినోడు చానా చిన్నోడే." దాన్ని తీసుకుపోయి తన నూలువల అంచుకు, మట్టిగుండ్ల మధ్యలో, బరువుకు కట్టుకున్నాడు.

అప్పుడే దిబ్బ మీదనుంచి చెల్లెలు గొంతు వినపడింది. దొరువులో ఎవరో చేపల బుట్ట కడిగారట. "ఒరే అన్నా! నువ్వొక కాపువా? నీదొక పాలెమా? తాగే నీళ్ళల్లో బుట్టలు కడిగేది చూసుకోలేనోడివి, నీకు దురాయిలెందుకు?" అని పాలెమంతా వినేలా అందుకుంది.

పెద్దకాపు గిర్రున తిరిగాడు. ఒక కన్ను మూసుకుంది. కుడిచేయి పిడికిలి అయి పక్కలోకి పోయింది, అక్కడ తడిమింది, కిందికి జరిగి తడిమింది, పైకి పోయి తడిమింది. ఏమీ దొరకలేదు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. నావైపు చూశాడు.

"ఇది పెద్ద చిక్కే అబ్బయా," అన్నాడు. "ఇంక కోపమొస్తే అది నాదే."

చెవి వెనక చుట్ట తీసి, మొదటిసారి నన్ను నిప్పు అడిగాడు.